వెనక సీట్లో తమ్ముడు

వాట్సన్ లేక్ చుట్టూ అడవిలో మంచు ఇంకా మిగిలే ఉంది గానీ రోడ్డు మాత్రం ఆరింది. ఏప్రిల్ చివర్లో ఉత్తరాన మా వైపు పొద్దు పెందలాడే వచ్చేస్తుంది. వచ్చాక తొందరేమీ లేనట్టు స్ప్రూస్ చెట్ల తలల మీదే చాలాసేపు కూర్చుంటుంది. ఆ వెలుగులో రోసలీ తన పాత పికప్ బండిని తమ్ముడి ఇంటి ముందు ఆపింది. హారన్ కొట్టలేదు. ఇంజను ఆపలేదు. గుమ్మం వైపు చూడకుండా, ఎదురుగా పేర్చి ఉన్న కట్టెల గుట్టనే చూస్తూ కూర్చుంది.

తలుపు చప్పుడైంది. మెట్ల మీద అడుగులు పడ్డాయి, మధ్యలో ఆగాయి, మళ్ళీ పడ్డాయి. రెండో మెట్టు మీద అని రోసలీ లెక్కపెట్టుకుంది. నాలుగు మెట్లు దిగడానికి ఆయాసపడే మనిషి కాదు అమోస్. అడవిలో గుర్రమంత మూస్ దుప్పిని కొట్టి, దాని తొడ భుజాన వేసుకుని, నవ్వుతూ ఇంటికొచ్చినవాడు. ఇప్పుడు గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టర్లు అంటున్నారు.

వెనక తలుపు తెరుచుకుంది. అమోస్ ఆమె సీటుకి సరిగ్గా వెనక, ఆమె తల తప్ప ఇంకేమీ కనబడని చోట సర్దుకుని కూర్చున్నాడు. అతని కుక్క సార్జెంటు మాత్రం దర్జాగా ముందు సీటెక్కింది. రోసలీ చెయ్యెత్తి, వెనక్కి చూసే అద్దాన్ని బండి కప్పు వైపు తిప్పేసింది.

"సార్జెంటూ, తలుపు సరిగ్గా పడిందో లేదో కనుక్కో," అంది కుక్కతో.

"పడిందని చెప్పు," అన్నాడు అమోస్, అతనూ కుక్కతోనే.

బండి కదిలింది.

మా కాస్కా తెగవాళ్ళలో ఈడొచ్చిన అక్కాతమ్ముళ్ళు, అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. మొహంలోకి చూసుకోరు. కావలసింది మధ్యన ఎవరినైనా పెట్టి చెప్పుకుంటారు. పిల్లలున్న ఇంట్లో పిల్లలు, లేకపోతే పొరుగువాళ్ళు, ఎవరూ లేకపోతే కుక్క. బయటినుంచి వచ్చినవాళ్ళు చూసి, వీళ్ళకేదో పాత కోపం ఉందనుకుంటారు. కోపమైతే ఏనాడో తీరిపోయి ఉండేది. ఇది మర్యాద. మర్యాదకి తీరడం ఉండదు. ఈ కాలం పిల్లలు దీన్ని వదిలేశారు, అన్నాచెల్లెళ్ళు ఫోన్లలో అరుచుకుంటున్నారు, వాళ్ళ సంగతి వాళ్ళది. రోసలీ, అమోస్ మాత్రం వదల్లేదు. జుట్టు నెరిసేదాకా ఒకే ఊళ్ళో, పిలిస్తే వినబడే దూరంలో, ఒక్క మాట నేరుగా అనుకోకుండా బతికారు.

మామూలుగా ఇలాంటి ప్రయాణాల్లో అమోస్ కూతురు ట్రేసీ మధ్యన కూర్చునేది. ఇవాళ ఆమె బిడ్డకి జ్వరం. నిన్న సాయంత్రం ట్రేసీ వచ్చి, రోసలీ వంటింట్లో నిలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. దక్షిణాన వాంకూవర్‌లో ఆపరేషన్‌కి నాన్నకి చోటు దొరికింది, వైట్‌హోర్స్ పట్నంలో డాక్టరు ఇవాళ మధ్యాహ్నం అవునా కాదా అని అడుగుతాడు, కాదంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాన్న కాదనే అంటాడు. ఆపరేషన్ లేకపోతే వచ్చే మంచు చూడడని డాక్టరు తనతో విడిగా అన్నాడు.

"అత్తా, నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. నా మాట వినడు. నువ్వే ఎలాగోలా ఒప్పించాలి," అంది.

"నేనా? ఎలా? నోరు కట్టేసుకునా?" అంది రోసలీ.

"సార్జెంటు ఉందిగా," అంది ట్రేసీ, ముక్కు తుడుచుకుంటూ.

అందుకే ఇవాళ రోసలీ చేతుల్లో స్టీరింగూ, ముందు వైట్‌హోర్స్ దాకా అడవీ, పక్కన ఒక కుక్కా ఉన్నాయి. ఈ అడవి దాటేలోపు తమ్ముడి చేత అవుననిపించాలి.

రోడ్డంటే రోసలీకి భయం లేదు. సగం జీవితం దాని మీదే గడిపింది. పెళ్ళైన కొత్తలో రోడ్డు పనివాళ్ళ క్యాంపులో వంట చేసింది. తర్వాత ఎన్నో ఎండాకాలాలు నారింజ రంగు చొక్కా తొడుక్కుని, దుమ్ములో, దోమల్లో, ఒక వైపు 'ఆగు', ఇంకో వైపు 'నెమ్మది' అని రాసిన పలక పట్టుకుని మలుపుల్లో నిలబడింది. లారీలు ఆమె మాట విన్నాయి. పెద్ద పెద్ద టూరిస్టు బళ్ళు విన్నాయి. కారిబూ జింకలు మాత్రం ఏనాడూ వినలేదు, పలకని వాసన చూసి పక్కనించి వెళ్ళిపోయేవి. ఒకసారి ఒక మూస్ వచ్చి ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా మీద కాలేసి నిలబడిందని, అది కదిలేదాకా రెండు వైపులా బళ్ళు ఆపేసి తను తీరిగ్గా అట్టతో విసురుకున్నానని చెప్పి ఆమె భర్త గస్‌ని నవ్వించేది. గస్ పోయాక ఆ కథ చెప్పడం మానేసింది.

ఊరు దాటి లియర్డ్ నది వంతెన ఎక్కేసరికి నది మీద మంచు పలకలు విడివిడిగా తేలుతున్నాయి. రోడ్డు పక్కన బొంతకాకి ఒకటి చచ్చిన కుందేలుతో కుస్తీ పడుతోంది. రోసలీ కిటికీ అద్దం కొంచెం దించింది.

"ఏం బావా, పొద్దున్నే పనిలో పడ్డావు? మీ ఇంట్లో పెట్టడం లేదా?" అంది.

వెనక నుంచి ముక్కుతో నవ్విన చప్పుడొచ్చింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తోడేలు వంశం. పెళ్ళిళ్ళు కాకి వంశంతోనే. కాబట్టి మా లెక్కలో బొంతకాకులన్నీ బావలూ, వదినెలూనే, వాటిని ఎంత ఆటపట్టించినా తప్పులేదు. తమ్ముడి నవ్వు వినబడగానే రోసలీకి ధైర్యం వచ్చింది.

 రోడ్డు మెల్లగా ఎక్కుతూ, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ పోయింది. రెండు వైపులా చెట్లు, చెట్ల వెనక కొండలు, కొండల వెనక ఇంకా పల్చటి కొండలు, చివరివి కొండలో మబ్బులో తెలియలేదు. ఇంజను చప్పుడు కూడా కాసేపటికి చెవికి ఆనడం మానేసింది. ఈ రోడ్డు మీద బండి నడుపుతుంటే రోసలీకి ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది, తను కదలడం లేదని, అడవే తనను దాటుకుంటూ వెనక్కి నడిచి వెళుతోందని. చిన్నప్పుడు తమ్ముణ్ణి వీపున కట్టుకుని నడిచేటప్పుడు కూడా వాడికి అలాగే చెప్పేది. చెట్లు మనల్ని చూడ్డానికొచ్చి వెళ్ళిపోతున్నాయని.

రాంచెరియా దగ్గర వెనక సీట్లో చిన్న దగ్గు వినబడింది.

అది దగ్గు కాదు. అమోస్‌కి ఏదైనా మృగం కనబడితే అలా గొంతు సవరిస్తాడు. రోసలీ బండి నెమ్మది చేసింది. తనకంటే ముందు చూశాడని లోపల కొంచెం ఉడుక్కుంది కూడా. అడవిలో ముందు ఎవరు చూస్తారన్నది వాళ్ళిద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడుస్తున్న పందెం, పైకి ఎవరూ ఒప్పుకోకపోయినా. మలుపు తిరగ్గానే కారిబూల గుంపు, చలికాలం రోడ్డు మీద చల్లిన ఉప్పు నాకుతూ. ఎలాంటి తొందరా లేదు వాటికి. పొడుగాటి కాళ్ళు, ఊడిపోతున్న బూడిదరంగు బొచ్చు, నీళ్ళలోంచి చూస్తున్నట్టు కళ్ళు. వాటిలో ఒక ముసలి ఆడదానికి ఒకటే కొమ్ముంది.

వేలు పెట్టి చూపిస్తే మృగానికి అవమానం. రోసలీ పెదాలు ముందుకు చాచి అటు చూపించింది.

"సార్జెంటూ, ఆ ఒంటికొమ్ముదాన్ని చూడు. ఒంట్లో ఒకటి తగ్గిందని ఇంట్లో కూర్చుందా? గుంపుతో పాటు నడవట్లేదా?"

వెనక సీట్లోంచి అమోస్ కిటికీ వైపు వంగి దాన్ని చూశాడు. తర్వాత, "బండి తోలే ఆవిడకి చెప్పు సార్జెంటూ. ఆ కొమ్ము దానంతటదే రాలింది. ఎవరూ దాన్ని వాంకూవర్ తీసుకెళ్ళి కొయ్యలేదు," అన్నాడు.

రోసలీ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కారిబూలు ఒక్కొక్కటే రోడ్డు దిగి చెట్లలో కలిసిపోయాయి. చివరిది వెళ్ళాక కూడా కాసేపు బండి అక్కడే ఉంచింది.

అమోస్ ఎందుకు కాదంటున్నాడో ఆమెకు తెలుసు. ట్రేసీకి తెలియదు, డాక్టరుకి అసలే తెలియదు. వాళ్ళ అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, ప్రభుత్వం బండి వచ్చి దక్షిణాన ఎక్కడో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వెనక సీట్లో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, తలుపు వేశారు. అమ్మ అద్దం మీద చెయ్యి ఆనించింది. అమోస్ ఆ బండి వెనక పరిగెత్తాడు. అమ్మ తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ అతనికి దక్షిణం అంటే మనుషుల్ని మింగే చోటు. అక్కడ మత్తిచ్చి పడుకోబెడతారంటే, నిద్రలో కూడా తను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకుండా పోతాడని అతని భయం. పైకి మాత్రం, నా వయసుకి చాలులే అంటాడు.

అమ్మ వెళ్ళాక రోసలీయే వాడికి అమ్మయింది. వీపున మోసింది, నేల ఉడుతలకి ఉచ్చు వేయడం నేర్పింది, వాటి మాంసం నమిలి మెత్తగా చేసి పెట్టింది. రాత్రుళ్ళు దుప్పటి కింద అడవిలో ఉన్నవాటన్నిటి పేర్లూ వాడి చెవిలో చెప్పేది, వాడు నిద్రపోయేదాకా. ఆ తర్వాత ఒక వేసవిలో ఆమె పెద్దమనిషైంది. అమ్మమ్మ ఆమెను అడవిలో ఒక పాకలో ఒంటరిగా ఉంచింది, తల కప్పి, మగవాళ్ళ చూపు పడకుండా. తిరిగొచ్చిన రోజున అమోస్ ఎదురుగా పరిగెత్తుకొచ్చాడు. అమ్మమ్మ మధ్యలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. ఇక నుంచి అక్కతో మాట్లాడకూడదు, మొహం చూడకూడదు, పెద్దవాడివయ్యావు అంది. వాడు గుడారం వెనక్కెళ్ళి ఏడ్చాడు. గుడ్డ గోడకి ఇవతల రోసలీ ఆ ఏడుపంతా విన్నది. లేచి వెళ్ళలేదు.

ఆ చలికాలమే ఇద్దర్నీ చర్చివాళ్ళు నడిపే మిషన్ బడికి పట్టుకెళ్ళారు. మగపిల్లలు ఒకవైపు, ఆడపిల్లలు ఒకవైపు, మధ్యన కంచె. అక్కడి మౌనాన్ని దెబ్బలతో నేర్పారు. దాన్ని రోసలీ ఈ రోజుకీ క్షమించలేదు. అమ్మమ్మ పెట్టిన మౌనాన్ని మాత్రం ఒక్కరోజు కూడా తప్పుపట్టలేదు. పెద్దయ్యాక అమోస్ మూస్‌ని కొడితే అన్నిటికంటే మంచి ముక్క తెల్లారేసరికి రోసలీ గుమ్మంలో ఉండేది. ప్రతి చలికాలానికీ అమోస్‌కి పూసలు కుట్టిన కొత్త తోలు చెప్పులు ఎవరో ఒక పిల్ల చేతిలో అందేవి. ఇంతకంటే మాట్లాడుకోవాల్సింది ఏముంటుందని ఆమె అనుకునేది, నిన్నటిదాకా.

మోర్లీ నది దాటాక వెనక మళ్ళీ ఆ దగ్గు. వాగు ఒడ్డున రెల్లులో మూస్ తల్లి, దాని పక్కన పోయినేటి పిల్ల, తల్లి భుజం దాకా ఎదిగి, కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతూ. రోసలీ ఇంజను ఆపేసింది. తల్లి తలెత్తి చూసింది. నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వాగు మీద పొగమంచు వాటి మోకాళ్ళ దాకా ఉండటంతో, రెండూ నేల మీద లేనట్టే ఉన్నాయి.

"ఇంకో నెలలో కొత్త పిల్ల పుడుతుంది," అన్నాడు అమోస్ మెల్లగా. "అప్పుడు తల్లి దీన్ని తరిమేస్తుంది. తెలుసా సార్జెంటూ? ఎందుకు తరిమిందో దానికి అర్థం కాదు. కొన్నాళ్ళు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. వాసన వచ్చేంత దూరంలో."

 వేటగాడిగా అన్నాడా, తమ్ముడిగా అన్నాడా? అడగడానికి లేదు. కుక్క చేత అడిగించే ప్రశ్న కాదు. "తరమాల్సి వచ్చిందని తల్లికి ఎంత బాధో ఆ పిల్లకి తెలియదు సార్జెంటూ," అంది రోసలీ చివరికి. వెనక సీటు కిర్రుమంది, ఎవరో ముందుకు వంగినట్టు.

టెస్లిన్‌లో ఇనప వంతెన మీద చక్రాలు రొద పెట్టాయి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది, ఒడ్డు వెంబడి మాత్రం నల్లటి నీటి గీత. రోసలీ బండి ఆపి, ఫ్లాస్కులోంచి టీ పోసి, మూస్ ఎండుమాంసం పొట్లం విప్పి, అతని వాటా రెండు సీట్ల మధ్య పలక మీద పెట్టింది. చేతినుంచి చేతికి ఏదీ ఇచ్చుకోరు. ఆ మధ్యలో సార్జెంటు మర్యాద మరిచిపోయి ఒక ముక్క లాగేసింది.

"దీని జీతం ఇవాళ ఎక్కువైంది," అన్నాడు అమోస్.

"పని కూడా ఎక్కువే చేస్తోందని చెప్పు," అంది రోసలీ, ఆ పని చేయించుకుంటున్నది ఎవరో గాలికి చెబుతున్నట్టు. ఇద్దరూ నవ్వారు, ఒకరు అటూ ఒకరు ఇటూ చూస్తూ. దగ్గర పడుతున్నాడని రోసలీకి అనిపించింది. ఆ సంతోషంలోనే పొరపాటు చేసింది.

సరస్సు పక్కన దక్షిణానికి తిరిగిన ఏటవాలు మీద మంచు ముందే కరుగుతుంది. అక్కడ ఆయన ఉన్నాడు. నల్లటి ఎలుగు. మా వాళ్ళు పేరు పెట్టి పిలవరు, తాత అంటారు. ఇప్పుడిప్పుడే గుహలోంచి లేచి వచ్చి, ఒళ్ళంతా వదులై, ఎండలో కూర్చుని ఎండుగడ్డి కింద కొత్త మొలకలు వెతుక్కుంటున్నాడు. ఈసారి ముందు చూసింది రోసలీయే. ముందు చూసిన గర్వం, తొందర, భయం అన్నీ కలిసి నోరు జారింది.

"చూశావా సార్జెంటూ, తాత చలికాలమంతా చచ్చినట్టు పడుకోలేదూ? లేచి ఎంచక్కా తింటున్నాడు. మత్తిస్తే మాత్రం ఏముంది, అలా పడుకోవడం, ఇలా లేవడం. ఈ ముసలాయన చేయగా లేంది…"

మాట సగంలో ఉండగానే తనేం అన్నదో తనకే వినబడింది.  తాతని ముసలాయన అంది. చచ్చినట్టు అంది. తన వాదనకి తాతని సాక్ష్యానికి పిలిచింది. మా ఆడవాళ్ళు తాత గురించి మాట్లాడేటప్పుడు మాట ఒకటికి రెండుసార్లు చూసుకుని వదులుతారు, ఎంత దూరంలో ఉన్నా ఆయనకి వినబడుతుంది కాబట్టి.

"సార్జెంటూ, బండి ఆపమను," అన్నాడు అమోస్. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "తాతకి చెప్పుకోమను."

రోసలీ బండి పక్కకి ఆపి అద్దం పూర్తిగా దించింది.  తలవంచి, మొహం చూడకుండా, "తాతా, నోరు జారాను. ముసలిదాన్ని, భయంలో ఉన్నాను. నా మీద కోపం వస్తే నా మీదే చూపించు. బండిలో వెనకాల ఉన్న ఆయన్ని దాంట్లోకి లాగకు. ఆయన నిన్ను ఏనాడూ ఏమీ అనలేదు," అంది.

తాత తలెత్తి గాలి వాసన చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తొందరపడకుండా, చెట్లలోకి నడిచి వెళ్ళాడు. చెట్లు ఆయన వెనక మూసుకున్నాయి.

 రోసలీ నేల ఉడుతల్ని చూపించింది, గద్దని చూపించింది, ఎర్రటి నక్క ఒకటి రోడ్డు మధ్యన కూర్చుని చెవి గోక్కుంటుంటే దాన్నీ చూపించింది. వెనక నుంచి ఒక్క దగ్గు లేదు. సార్జెంటు ఆమె మొహం వైపూ వెనక సీటు వైపూ చూసి చూసి, తన ఉద్యోగం ఊడిందనుకుందేమో, ముడుచుకుని పడుకుంది.

జేక్స్ కార్నర్ దాటాక వెలుగు మారింది. ఎండ పల్చటి మబ్బులోంచి, పాలలోంచి వచ్చినట్టు వస్తోంది. ఆ వెలుగులో రోడ్డూ చెట్లూ అంచులు కోల్పోయాయి. రోసలీకి ఇది ఇప్పటి రోడ్డో అప్పటి రోడ్డో తెలియలేదు. అమ్మ వెళ్ళిందీ ఈ రోడ్డు మీదే. అమ్మ కూర్చుందీ వెనక సీట్లోనే. కొంతసేపు ఆమెకు వెనక కూర్చున్నది అమ్మే అనిపించింది, మోకాళ్ళ మీద దుప్పటితో, బయటికి చూస్తూ. అమ్మా, అప్పుడు బండి నడిపింది నేనైతే నిన్ను వెనక్కి తీసుకొచ్చేదాన్ని అని మనసులో అంది. ఎక్కడున్నా వెతికి తెచ్చేదాన్ని. వెనక నుంచి ఆయాసంతో కూడిన ఊపిరి వినబడుతోంది, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. వీణ్ణి కూడా పోగొట్టుకుంటే తనను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ మిగలరు. ఆ ఆలోచన రాగానే, తను ఏం చేయబోతోందో ఆమెకు తెలిసిపోయింది.

మార్ష్ సరస్సు ఉత్తరపు కొసన, నీరు ముందుగా విడిన చోట, హంసలు దిగి ఉన్నాయి. ఇంకా ఉత్తరానికి వెళ్ళే ముందు ఏటా అక్కడ ఆగుతాయి. వందల్లో ఉన్నాయి. నీళ్ళూ తెల్లగా, మంచూ తెల్లగా, మబ్బూ తెల్లగా, వాటి మధ్యన అవి కదిలినప్పుడే హంసలని తెలుస్తున్నాయి. కొన్ని లేస్తున్నాయి, కొన్ని దిగుతున్నాయి, అన్నీ ఒకేసారి మాట్లాడుతున్నాయి. రోసలీ ఒడ్డున బండి ఆపింది. వైట్‌హోర్స్ ఇక ఎంతో దూరం లేదు. ఇంకో మృగం కనబడుతుందన్న ఆశ లేదు. హంసల మీద పెట్టి చెప్పడానికి ఆమె దగ్గర మాటలూ మిగల్లేదు.

అడగాల్సింది నేరుగా అడగాలి. అతని మొహంలోకి చూసి. మా ముసలాడవాళ్ళకి అది నడిబజారులో బట్టలు విప్పుకోవడం కంటే తక్కువేం కాదు. వినేవాడికి కూడా అంతే సిగ్గు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకే గదిలో తలెత్తుకుని ఉండలేరు. అయినా బతికుంటాడు కదా అనుకుంది రోసలీ. సిగ్గుతో అయినా బతికుంటాడు.

బండి దిగింది.  బండి చుట్టూ నడిచి వచ్చి అతని తలుపు ముందు నిలబడింది. అద్దం దించే ఉంది. అమోస్ తలవంచుకుని నేల వైపు చూస్తున్నాడు. మంచులో ఆమె పాదాలు అతని తలుపు వైపు తిరిగి ఆగడం చూశాడు. అన్నేళ్ళలో ఆ పాదాలు ఎప్పుడూ అతని వైపు తిరిగి ఆగలేదు.

రోసలీ కళ్ళెత్తింది. నెరిసిన జుట్టు కనబడింది, టోపీ కింద చెవి కనబడింది. ఊపిరి తీసుకుంది. వీపున మోసేటప్పుడు వాణ్ణి పిలిచిన పేరు, ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ గుర్తులేని పేరు, నాలిక మీదికొచ్చింది.

"సార్జెంటూ," అన్నాడు అమోస్, ఆమె కంటే ముందు, గట్టిగా. తల ఎత్తలేదు. "ఆగమను. ఆ మాట అననివ్వకు."

ముందు సీట్లోంచి సార్జెంటు లేచి నిలబడింది.

"వెళతానని చెప్పు," అన్నాడు. ఆయాసం వచ్చి ఆగి, మళ్ళీ అన్నాడు. "కోయించుకుంటానని చెప్పు. నా కోసం మా అక్క ఈ వయసులో సిగ్గు పోగొట్టుకోనక్కర్లేదని చెప్పు."

అక్క అన్న మాట అతని నోటినుంచి ఆమె చెవులారా విని, గుడారం వెనక ఏడ్చిన రోజు నుంచీ ఎన్నేళ్ళయిందో. రోసలీ గిర్రున వెనక్కి తిరిగి, హంసల వైపు మొహం పెట్టి, దాచుకోకుండా ఏడ్చింది. అమోస్ ఆమెను ఏడవనిచ్చాడు. హంసలు ఎవరి గొడవా పట్టనట్టు లేస్తూ, దిగుతూ ఉన్నాయి.

చాలాసేపటికి వెనక నుంచి అతని గొంతు మళ్ళీ వినబడింది. ఈసారి చిన్నగా, చిన్నపిల్లవాడి గొంతులా.

"ఒక్కటి అడుగు సార్జెంటూ. ఆమె కూడా వాంకూవర్ వస్తుందా అని. వస్తే… ఆసుపత్రిలోకి నిన్ను రానివ్వరంట. మరి మధ్యన మాట ఎవరు మోస్తారు?"

రోసలీ చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరగలేదు.

"వస్తుందని చెప్పు సార్జెంటూ," అంది. "ఆసుపత్రిలో గోడలుంటాయని చెప్పు. ఎటు చూసినా గోడలేనంట."